తెల్ల చొక్కా మీద కుంకుమ చెయ్యి

దొరస్వామి ఆ రోజు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, రెండు చెంబుల మజ్జిగ తాగి, "భూమి పోతే పోనీ కుప్పయ్యన్నా, ఫ్యాక్టరీవాళ్ళు ఇంటికొక ఉద్యోగం రాసిస్తా ఉండారు. వాన రాకుంటే చేను ఎండుతాది గానీ జీతం ఎండదు" అని ఉండకపోతే, ఈ రోజు కుప్పయ్య కొడుకు ఇట్లా మూలన కూర్చుని గోళ్ళు చూసుకునే గతి పట్టేది కాదు. కుప్పయ్య లెక్కలో తప్పు అక్కడే మొదలైంది. మిగతావాళ్ళు ఎవరినైనా తిట్టుకోనీ. తల్లి జ్ఞానాంబ ఫ్యాక్టరీ మేనేజర్‌ను తిడుతోంది. భార్య చెంగమ్మ అత్తను తిడుతోంది. కుప్పయ్య మాత్రం పొద్దున్నుంచి దొరస్వామి దగ్గర మొదలుపెట్టి మళ్ళీ దొరస్వామి దగ్గరికే వస్తున్నాడు.

శనివారం. ఫ్యాక్టరీ బస్సు వీధి చివర హారన్ కొట్టి, కాసేపు ఆగి, ఎక్కేవాడు లేక వెళ్ళిపోయింది. దాని చప్పుడు ఏర్పేడు రోడ్డులో కలిసిపోయింది.

"గోళ్ళల్లో ఇంకా పోలేదు," అన్నాడు మూలనుంచి మునిశేఖర్, ఎవరితోనూ కాకుండా.

నిజమే. గురువారం పూసుకున్న కుంకుమ ఇంకా గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది. చెవుల వెనక కూడా ఉంది. సీకాయతో రుద్దాడు, కిరసనాయిలుతో రుద్దాడు. నెలన్నరగా ఆ గోళ్ళను ఫ్యాక్టరీ ట్రైనింగు గదిలో రూతు మేడం రోజూ పొద్దున్నే చూసేది. చొక్కా లోపలికి దోపుకున్నాడా, టై ముడి గొంతు కిందే ఉందా, తలకు నూనె కారుతోందా, బూట్లు మెరుస్తున్నాయా, అన్నీ చూసి, ఆఖర్న చేతులు చాపమనేది. కొత్తగా చేరిన పిల్లలకు పని కంటే ముందు ఇవే నేర్పిస్తారట.

"పోయినా ఇంక సూసేదెవురు?" అంది చెంగమ్మ పొయ్యి దగ్గరనుంచి. "సూసే మేడం ఆడ, గోళ్ళు ఈడ."

"నోట్లోనుంచి మంచి మాటే రాదా నీకు?" అంది జ్ఞానాంబ.

"మంచి మాటలన్నీ మీ మనవడు గురువారమే మాట్లాడేసినాడు కదత్తా. ఇంటికి మిగల్లేదు."

జ్ఞానాంబ పైట కొంగు నడుముకు చుట్టింది. అంటే తగవుకు దిగిందన్నమాట. "నేను మొక్కుకునింది నా కోసరమా? వానికి ఉద్యోగం రావాలని. వస్తే బండవేషం కట్టిస్తానని గంగమ్మకు మాటిచ్చినా. వచ్చింది. కట్టించినా. ఇచ్చిన మాట ఎగ్గొడితే ఊరుకుంటాదా ఆయమ్మ?"

"ఇప్పుడు ఊరుకునిందా మరి? ఉద్యోగం కోసం వేషం, వేషంతో ఉద్యోగం పాయె. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడింది."

జ్ఞానాంబ పుట్టిల్లు తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడి పక్క సందు. ఆ అమ్మ జాతర వారంలో రోజుకో వేషం, గురువారం నాడు బండవేషం. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, తలకు పూలదండ చుట్టుకుని, మొక్కున్నవాళ్ళు వీధులెంట తిరుగుతారు. ఎదురైన ప్రతి మనిషినీ నోటికొచ్చిన బూతు తిడతారు. ఆ వారం తిరుపతిలో ఆ తిట్టుకు ఎవరికీ కోపం రాదు. అమ్మే తిట్టించిందనుకుని దండం పెట్టుకుని పోతారు. కుప్పయ్య తన కుర్రతనంలో వేషం కట్టినప్పుడు ఒక పోలీసాయనను తల్లినీ చెల్లినీ కలిపి తిడితే, ఆయన టోపీ తీసి తలొంచాడు. మరునాడు అదే పోలీసాయన టీకొట్టు దగ్గర కనిపించి, "నిన్న బాగా తిడితివి, మా ఇంట్లో జ్వరం తగ్గింది" అన్నాడు కూడా.

ఇదంతా పుట్టి బుద్ధెరిగిన ఊరివాళ్ళకు తెలుసు. కాకినాడ వైపు నుంచి మొన్న ఉగాదికి బదిలీ అయి వచ్చిన మేనేజర్ దయానంద్‌కు తెలియదు. ఆయన జాతర చూద్దామని పెళ్ళాన్నీ పాపనూ వెంటబెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, సందు మొగలో ఐసు తింటూ నిలబడ్డాడు.

కుప్పయ్య ఇప్పటికి పదిసార్లు అడిగాడు. మళ్ళీ అడిగాడు. "ఆయప్పను సూస్తానే పక్క సందులోకి తప్పుకోవాల్సింది కదరా?"

"తప్పుకుంటే తప్పంట నాయనా. బయట మన పైఆఫీసరు కనపడితే మొహం దాచుకోకూడదు, మనమే ముందు పోవాల, చెయ్యి చాపినంత దూరంలో నిలబడాల, కండ్లల్లోకి సూసి పేరు పెట్టి పలకరించాల అని మేడం చెప్పింది. పరీక్ష కూడా పెట్టింది. నాకు పదికి పది."

"సరే. పలకరించినావు. తిట్టిందెందుకు?"

"వేషంలో ఉండా కదా."

"వేషంలో ఉంటే తిట్టేసి నీ దోవన నువ్వు పోవాల. పలకరించిందెందుకు?"

శేఖరు బొటనవేలి గోరు గీక్కున్నాడు. "రెండిట్లో ఏది ఒదలాల్నో తెలీలా నాయనా. రెండూ చేసినా."

అదీ జరిగింది. ఒళ్ళంతా ఎర్రగా ఉన్న మనిషి గుంపులోనుంచి నేరుగా వచ్చి, నిటారుగా నిలబడి, కళ్ళల్లోకి చూసి, "గుడ్ ఈవెనింగ్ దయానంద్ సార్" అన్నాడు. ఆ వెంటనే, అదే గొంతుతో, అంత స్పష్టంగా, ఆయన పుట్టుకను గురించి ఒక మాట, ఆయన పెళ్ళాన్ని గురించి ఒక మాట అన్నాడు. అని, రూతు మేడం నేర్పించినట్టే కరచాలనానికి చెయ్యి చాపాడు. దయానంద్ పాపను వెనక్కి లాక్కోబోయి ముందుకు తూలాడు. ఆ చెయ్యి పోయి ఆయన రొమ్ముకు తగిలింది. తెల్ల చొక్కా మీద అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"సందంతా తిట్టుకుంటా వస్తిని," అన్నాడు శేఖరు. "సార్ ఒక్కడినే ఒదిలేస్తే ఆయన్ని పరాయోడిని చేసినట్టు కాదా నాయనా?"

కుప్పయ్య అయిదో తరగతిలో బడి మానేసిన మనిషి. కానీ తన బుర్ర ఇట్లా గుండ్రంగా తిరిగి మొదటికే రావడం ఎప్పుడూ లేదు. కొడుకు చెప్పేది వింటే కొడుకుదే న్యాయం. కళ్ళు మూసుకుని ఆ చొక్కాను తలచుకుంటే మేనేజరుదే న్యాయం. ఇద్దరిదీ న్యాయమైతే మధ్యలో పోయేది ఎవరిదో మాత్రం తెలుస్తోంది.

శుక్రవారం ఫోనొచ్చింది. సోమవారం పది గంటలకు తండ్రిని వెంటబెట్టుకుని రావాలి. అప్పటిదాకా గేటు లోపలికి రాకూడదు.

*

పదిన్నరకు బండి చప్పుడైంది. దొరస్వామి.

"ఈ రోజు జాతరలో ఏం వేషమబ్బా?" అంది జ్ఞానాంబ గొంతు పెంచి, అతనికి వినపడేట్టు.

"దొర వేషం అవ్వా," అన్నాడు శేఖరు.

"అదీ సంగతి. తిరుపతి దాకా ఎందుకు పోవాల? మన వాకిట్లోకే వచ్చినాడు."

దొరస్వామి నవ్వాడు. అతనికి కోపం రాదు. కోపం వచ్చేవాడు మూడు ఊళ్ళ భూములు ఒక్క చేతిమీద ఫ్యాక్టరీకి ఇప్పించలేడు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే క్యాంటీన్ నడుపుతున్నాడు. మెడలో శేఖరుకున్నట్టే నీలం తాడు, తాడుకు ఫొటో ఉన్న కార్డు. ఆ కార్డును చొక్కా జేబులో దాచుకుని మంచం మీద కూర్చున్నాడు. అదే మంచం.

"మజ్జిగ లేదప్పా," అన్నాడు కుప్పయ్య. "గొడ్లుంటే కదా మజ్జిగ. చేనుంటే కదా గొడ్లు."

"నేను మజ్జిగకు రాలేదు కుప్పయ్యన్నా. సోమవారం ఏం చెప్తారో కనుక్కుందామని వస్తి."

"ఏముండాది చెప్పేదానికి? ఊరి ఆచారం అని చెప్తాం."

"ఆచారమని నేను చెప్పలేదా? శుక్రవారం పొద్దున్నే పోయి చెప్పినా. మేనేజరు విన్నాడు పాపం. మంచోడే. 'ఆచారమైతే నా పేరెందుకు పెట్టాడు దొరస్వామిగారూ' అన్నాడు."

చెంగమ్మ పొయ్యి వదిలి గడపలోకి వచ్చింది. "ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఇస్తారా అన్నా? మా చిన్నోడికైనా?"

"ఇంటికొకటే చెల్లెమ్మా. ఇచ్చేసినారు. పోగొట్టుకుంటే పోగొట్టుకున్నట్టే. ఆ మాట కాయితంలోనే ఉండాది."

జ్ఞానాంబ కొంగు నడుమునుంచి జారింది. సర్దుకోలేదు.

దొరస్వామి గొంతు తగ్గించాడు. "ఒక దోవ ఉండాది. ఫ్యాక్టరీలో తాగినోడికి ఒక రూలుంది. ఒక నెల పక్కన పెడతారు, బుద్ధి చెప్పే క్లాసుకు పంపిస్తారు, మళ్ళీ తీసుకుంటారు. పోయినేడు ఇద్దర్ని తీసుకున్నారు. తాగకుండా తిట్టినోడికి ఏ రూలూ లేదు, ఇంటికే. అందుకని, ఆ పొద్దు పిల్లోడు తాగి ఉన్నాడని ఒక్క మాట..."

"అమ్మ వేషంలో తాగినాడనా?" జ్ఞానాంబ లేచి నిలబడింది. "వారం దినాలు నీసు ముట్టలేదు వాడు. చాప మీద పడుకున్నాడు. పసుపునీళ్ళు పోసుకుని నా ఎదురుగా కుంకుమ పూసుకున్నాడు. ఆ ఒంటిమీద తాగుబోతని ముద్ర ఏస్తావా?"

"అవ్వా, వాడు తాగలేదని అమ్మకు తెలుసు కదా. తెలియాల్సినామెకు తెలుసు. తెలీని మనిషికి ఒక మాట చెప్తే ఏం పొయ్యింది?"

దేవుడి మాటకు అడ్డంగా దేవుడినే పెట్టినవాణ్ణి ఏమనాలో ముసలామెకు తోచలేదు. లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట కంచం ముందు పెడితే తోసేసింది.

"నీకేమప్పా దొరస్వామీ," అన్నాడు కుప్పయ్య చివరికి. "నీ చేను రోడ్డుకు ఈవల ఉండె. సర్వేయరు గొలుసు ఈ పక్కకు రాలేదు. గదులు కట్టి ఆ ఫ్యాక్టరీవాళ్ళకే బాడుగకు ఇచ్చుకుంటివి. మాది ఆవల ఉండె."

"రోడ్డు నేను ఏసినానా కుప్పయ్యన్నా?" అని దొరస్వామి లేచాడు. బండెక్కేముందు శేఖరు భుజం తట్టి, "ఒక్క మాట రా శేఖరూ. తల ఊపితే చాలు" అన్నాడు.

శేఖరు ఆ చెయ్యి తన భుజం మీదనుంచి మెల్లగా తీసేశాడు. ఆఫీసులో తోటివాళ్ళు భుజం మీద చెయ్యి వేస్తే అట్లా తీసేయాలని కూడా నేర్పించినట్టున్నారు.

*

ఆదివారం చర్చి నుంచి నేరుగా స్కూటీ మీద రూతు మేడం వచ్చింది. తిరుపతి మనిషే. ముప్పై అయిదేళ్ళుంటాయి, తెల్లచీర, చేతిలో హెల్మెట్. ఇంట్లోకి రాగానే ఆమె చూపు పోయింది శేఖరు గోళ్ళ మీదికే. శేఖరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మేడం, బయట కనపడితే పలకరించమన్నారు కదా," అన్నాడు.

"బయట అంటే హోటల్లో శేఖర్. బస్టాండులో. పెండ్లిలో."

"జాతర బయట కాదా మేడం?"

ఆమె హెల్మెట్‌ను ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది. "నేను ఈడ పుట్టినదాన్నే. చిన్నప్పుడు ఆ తిట్లు నేనూ తిన్నా. క్లాసులో చెప్పేటప్పుడు జాతర నాకు గుర్తుకు రాలేదు. పుస్తకంలో ఉండేది చెప్పుకుంటా పొయినా."

తర్వాత అసలు పనిలోకి దిగింది. రేపు కొడుకు ఒక్కడే కాదు, తండ్రీ వస్తాడు. కొడుకుకు నెలన్నర పట్టిన పాఠం తండ్రికి ఒక గంటలో చెప్పాలి.

"లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు విప్పద్దు కుప్పయ్యన్నా."

"ఆఫీసరు గదిలోకి చెప్పులతోనా?"

"అందరూ బూట్లతోనే ఉంటారు. తువ్వాలు చంకలో పెట్టుకోవద్దు. ఇంట్లోనే వదిలేయండి. చేతులు కట్టుకోవద్దు. కూర్చోమంటే కూర్చోండి."

"పెద్దోళ్ళ ముందర కుర్చీలో ఎట్ల మేడం?"

"కూర్చోకపోతే భయపడతా ఉండారనుకుంటారు."

"భయమే కదా మేడం."

చెంగమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మూడు రోజుల్లో ఆ ఇంట్లో అది మొదటి నవ్వు. ఆమె ముక్కాలి పీట తెచ్చి వేసింది. కుప్పయ్య వాకిట్లోనుంచి లోపలికి వచ్చి, నిటారుగా నిలబడి, రూతు మేడం కళ్ళల్లోకి చూడబోయి, చూపు గోడమీది క్యాలెండరుకు తిప్పుకుని, పీట అంచున కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ వచ్చాడు. నాలుగోసారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తన మోకాళ్ళనే గట్టిగా పట్టుకున్నాడు.

ట్రైనింగులో చేరిన కొత్తలో శేఖరు పొద్దున్నే లేచి "గుడ్ మార్నింగ్ నాయనా" అనేవాడు. కుప్పయ్యకు సిగ్గేసి పక్కకు తిరిగేవాడు. ఇప్పుడనిపించింది, వీడు ఈ కష్టమంతా ఒక్కడే పడ్డాడని.

చెంగమ్మ దొరస్వామి ఉపాయం సంగతి కదిపింది. లోపల గోడవైపు పడుకున్న జ్ఞానాంబకు వినపడకూడదని గుసగుసగా.

రూతు మేడం హెల్మెట్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "అది పనిచేస్తాది," అంది. "అట్లే చెప్పమని నేను చెప్పను. వద్దనీ చెప్పను."

"మరి మీరు నేర్పించేదేంది మేడం?" అన్నాడు కుప్పయ్య. ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"ఎట్ల చెప్పాల్నో నేర్పిస్తానన్నా. ఏం చెప్పాల్నో నేర్పించే క్లాసు మా దగ్గర లేదు."

"నేను తాగినానని చెప్పను మేడం," అన్నాడు శేఖరు.

ఎవరూ అతనివైపు చూడలేదు. రూతు మేడం హెల్మెట్ పెట్టుకుని, బండి దాకా పోయి, వెనక్కి వచ్చి, "నిమ్మకాయ, ఉప్పు. గోళ్ళకు" అని మాత్రం చెప్పి వెళ్ళింది.

*

సోమవారం బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. శేఖరు ఇస్త్రీ చొక్కా, టై, మెరిసే బూట్లు. పెద్ద దొరలా ఉన్నాడు. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాణ్ణి చంపడానికి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందనీ, వాడు దేనికీ కదలక, దొర వేషం చూసి మాత్రం దొరగారొచ్చారనుకుని దాక్కున్న చోటునుంచి బయటికొచ్చాడనీ జ్ఞానాంబ చెప్పే కథ కుప్పయ్యకు గుర్తొచ్చింది. ఈ కథలో తాము ఎవరో అతనికి తేలలేదు. వేషం తన కొడుకుది. దాక్కోవాలని ఉన్నది తనకు.

"అడిగితే తల ఊపు. నోటితో అనబళ్ళేదు," అన్నాడు కిటికీ వైపు చూస్తూ.

శేఖరు టై ముడి సరిచూసుకున్నాడు.

ట్రైనింగు గది తలుపు దగ్గర కుప్పయ్య కాళ్ళు వాటంతటవే ఆగాయి. నేర్చుకున్నదంతా మరిచి చెప్పులు విప్పేశాడు. లోపలున్న రూతు మేడం చూసి చూడనట్టు ఊరుకుంది. నున్నటి చల్లటి నేల. గోడకు నిలువుటద్దం. దాని పక్కన ఒక మనిషి బొమ్మ, తల నుంచి బూట్ల దాకా ఎక్కడెక్కడ ఏమేం సరిచూసుకోవాలో బాణాలు. కుప్పయ్య తనను తాను అంత నిలువుగా ఎప్పుడూ చూసుకోలేదు. ఆ బాణాల్లో ఒక్కటీ తనకు సరిపోయేది లేదు.

అద్దానికి ఎదురుగా కిటికీ. కిటికీలో ప్రహరీ గోడ. గోడ అవతల ఒంటి తాటిచెట్టు.

కుప్పయ్య ఆ తాటిచెట్టును గుర్తుపట్టాడు. తన చేనుకు పడమటి గట్టు మీదిది. దాన్నిబట్టి చూస్తే, ఈ గదిలో బల్ల ఉన్న చోట శనక్కాయ మంచిగా ఊరేది.

దయానంద్ వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, నిద్రలేని కళ్ళు. "కూర్చోండి," అన్నాడు మర్యాదగా. కుప్పయ్య కుర్చీ అంచున కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. శేఖరు నిలబడే ఉన్నాడు.

"నాకు ఎవరి మీదా పగ లేదండి," అన్నాడు దయానంద్. "మా పాప నాలుగో తరగతి. ఆ మాటకి అర్థమేంటి నాన్నా అని అడిగింది. నాలుగు రోజులనుంచీ అడుగుతూనే ఉంది. మా ఆవిడ వీధిలోకి రావడం మానేసింది. ఆచారమన్నారు, సరే. వందమందిని తిట్టేవాడు పేరు పెట్టి తిడతాడా? పేరు పెట్టాడంటే నా మీద మనసులో ఏదో ఉండాలి కదా? ఏముంది? నేను ఇతన్ని ఒక్క మాట అన్లేదు. అదే నాకు అర్థం కావట్లేదండి."

"పేరు పెట్టి పలకరించడం నేను నేర్పించినా సార్," అంది రూతు మేడం.

"మిగతాది మీరు నేర్పలేదు కదా మేడం."

ఆమె తల దించుకుంది.

"పైకి నేను రాయాలి. ఒక్కటే అడుగుతాను శేఖర్. ఆ రోజు తాగి ఉన్నావా?"

అడిగిన తీరులోనే తెలిసిపోతోంది, ఆయన అవునని వినాలనుకుంటున్నాడు. తాగినవాడి మాటకు అర్థముండదు. పాపకు చెప్పుకోవచ్చు, పెళ్ళానికి చెప్పుకోవచ్చు, ఈ ఊళ్ళో ఇంకో నాలుగేళ్ళు నెమ్మదిగా ఉద్యోగం చేసుకోవచ్చు.

శేఖరు నిటారుగా నిలబడి, కళ్ళల్లోకి చూశాడు. "లేదు సార్."

"అంటే తెలిసే అన్నావు."

"తెలిసే అన్నా సార్. కోపంతో అనలేదు. ఆ రోజు మా అవ్వను కూడా అదే మాట అన్నా. దండం పెట్టుకునింది."

"కోపం లేకుండా ఎవడయ్యా అలాంటి మాట అంటాడు?" అన్నాడు దయానంద్. కొడుకును వదిలి తండ్రివైపు తిరిగాడు. "మీరు పెద్దవారు. మీరు చెప్పండి. తాగాడా, లేదా?"

కుప్పయ్యకు శనివారం నుంచి అన్నం ముట్టని తల్లి కనిపించింది. "మా చిన్నోడికైనా" అని గడపలో నిలబడి అడిగిన చెంగమ్మ కనిపించింది. కళ్ళల్లోకి చూడాలన్నది గుర్తొచ్చింది. చూడలేకపోయాడు. తాటిచెట్టును చూశాడు.

"తాగినాడు సార్," అన్నాడు.

దయానంద్ ముందుకు వంగాడు.

"బాగా తాగినాడు. వానికేం జ్ఞాపకం లేదు. నేనే ఇంటికి మోసుకొస్తి." ఒకటి అన్నాక రెండోది దానంతటదే వచ్చింది. "సిగ్గుకు లేదంటా ఉండాడు సార్. మీరు మనసులో పెట్టుకోవద్దు."

దయానంద్ కుర్చీలో వెనక్కి వాలాడు. అంత పెద్ద ఊపిరి వదిలిన మనిషిని కుప్పయ్య ఈ మధ్య చూడలేదు. "అదీ. అలా చెప్పండి మరి. దీనికి రూలు ఉందండి. ఒక నెల ఆగాలి. తండ్రీ కొడుకులిద్దరూ సంతకం పెడితే నేను చూసుకుంటాను." ఆయన గొంతులోకి ప్రాణం వచ్చింది. సొరుగులోనుంచి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టాడు.

శేఖరు తండ్రిని చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. తెలియని చోట బస్సు దిగినవాడు ఊరి పేరు కోసం బోర్డు వెతుక్కున్నట్టు చూశాడు.

తర్వాత అద్దం ముందుకు పోయాడు. టై ముడి వదులు చేసి, నేర్పించినట్టే నలగకుండా తీసి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. నీలం తాడు తీసి దాని పక్కన పెట్టాడు. చెయ్యి చాపినంత దూరంలో నిలబడ్డాడు.

"టైమ్ ఇచ్చినందుకు థ్యాంక్స్ దయానంద్ సార్."

చెయ్యి చాపాడు.

దయానంద్ ఆ చేతి వైపు చూశాడు. నిమ్మకాయా ఉప్పూ పెట్టి రుద్దినా గోళ్ళ సందుల్లో ఎరుపు సన్నటి గీతలా అట్లాగే ఉంది. ఆయన తన చెయ్యి కొంచెం పైకెత్తాడు. అక్కడే ఆగిపోయింది.

శేఖరు కాసేపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు దాకా పోయి, తండ్రి చెప్పులు తన బూటుకు తగిలితే వంగి, వాటిని జతగా సర్ది గడప పక్కన పెట్టాడు. వెళ్ళిపోయాడు.

"పిలుచుకు రండి కుప్పయ్యన్నా," అంది రూతు మేడం.

కుప్పయ్య లేవలేదు. కాయితం మీద రెండు గీతలున్నాయి. దయానంద్ పెన్ను అందించాడు. పై గీత మీద కుప్పయ్య తన పేరు రాశాడు. చివరి అక్షరం దగ్గర పెన్ను ఆగింది. కింది గీత ఖాళీగా ఉంది.

అప్పుడు లేచి కిటికీ దగ్గరికి పోయాడు. గేటు బయట కొడుకు ఇంటికి పోయే ఏర్పేడు వైపు తిరగలేదు. తెల్ల చొక్కా బయటికి లాగేసుకుని తిరుపతి వైపు నడుస్తున్నాడు. రేపు అక్కడ పెద్ద జాతర.

"ఎప్పుడు వస్తాడండి?" అని వెనకనుంచి దయానంద్ అడుగుతున్నాడు. "ఈ రోజే పంపాలి నేను."

కుప్పయ్యకు అరికాళ్ళ కింద నేల చల్లగా తగిలింది. ఈ చోట అతను ఎన్నడూ చెప్పులతో నడవలేదు. నాగలి పట్టుకుని నడిచినప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తాటిచెట్టు నుంచి ఈ గది దాకా, గదినుంచి ఆ గేటు దాకా కళ్ళతోనే తన పాత చేనుకు గట్టు వేసుకుంటూ వచ్చాడు. ఎక్కడా తప్పలేదు. ఆ రోజు సర్వేయరు గొలుసు లాగి, దొరస్వామి నిలబడి గట్టిగా చదివి వినిపించిన అంకె కూడా తప్పలేదు.

ఒక ఎకరా పదకొండు సెంట్లు.